ఏడు ఇళ్లకు ఒకటే ఉత్తరం: తల్లిదండ్రులు కలిసి నిలబడిన ఒక కేసు

ఫిబ్రవరి రెండో వారం, రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ వచ్చింది. మూడో తరగతి చదివే ఆటిజం ఉన్న బాబు తల్లి. "మేడం, స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే ఏడాదికి సీటు లేదంటున్నారు. క్లాసులో వాడి పక్కనే కూర్చుని చూసుకునే షాడో టీచర్‌ని మేమే పెట్టుకోవాలట, జీతం మేమే ఇచ్చుకోవాలట. ఆ మేరకు సంతకం పెట్టకపోతే టీసీ తీసుకోమన్నారు. మా వాడొక్కడి వల్లే క్లాసంతా ఇబ్బంది పడుతోందట."

ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు పట్టేసింది. నాకు మాత్రం అది విన్న మాటే. అదే స్కూల్లో చదివే మరో పిల్లవాడి తండ్రి నాలుగు రోజుల ముందే నా దగ్గరికి వచ్చి, దాదాపు ఇదే వాక్యం చెప్పి వెళ్లారు. ఆయనకీ 'మీ వాడొక్కడే' అనే చెప్పారు.

నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేయడమే నా వృత్తి, ఉద్యమాలు కాదు. ఈ కేసులో తల్లిదండ్రుల పక్కన ఏడాదికి పైగా ఉన్నాను కాబట్టి, ఏం పనిచేసింది, ఏం పనిచేయలేదు, నేనెక్కడ పప్పులో కాలేశాను అన్నది రాస్తున్నాను. స్కూలు పేరు, కుటుంబాల పేర్లు, ఊరు రాయను. స్కూలు ప్రైవేటుది, ప్రభుత్వ గుర్తింపు ఉన్నది. అంతవరకు తెలిస్తే చాలు.

మొదటి చిక్కు నా వైపే వచ్చింది. ఆ స్కూలు పిల్లలు నలుగురు నా దగ్గరికి వస్తున్నారు. నలుగురి తల్లిదండ్రులకూ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఒకరి బిడ్డ గురించి ఇంకొకరికి చెప్పే హక్కు నాకు లేదు. కానీ చెప్పకపోతే ప్రతి ఇల్లూ 'మా ఒక్కరికే ఇలా జరుగుతోంది' అనుకుంటూ విడివిడిగా సంతకాలు పెట్టేస్తుంది. స్కూలు యాజమాన్యం కావాలని అలా ఒంటరి చేసిందని నేననను. ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి మాట్లాడటం వాళ్లకు అలవాటు, అంతే. కానీ ఫలితం మాత్రం అదే.

ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాను: "మీలాంటి ఉత్తరమే అందుకున్న వేరే తల్లిదండ్రులకు మీ నంబరు ఇవ్వనా?" బిడ్డ పేరు గానీ, రిపోర్టులో ఏముందో గానీ చెప్పనని మాట ఇచ్చాను. ఇద్దరు వెంటనే సరేనన్నారు. మూడో ఇంట్లో అత్తమామలకు బాబు సంగతి పూర్తిగా తెలియదు. ఆ తల్లి తొమ్మిది రోజులు తీసుకుంది. నాలుగో ఆయన "ఇవ్వండి, ఇప్పుడే ఇవ్వండి" అన్నారు. ఈ నలుగురికీ తెలిసిన మరో ముగ్గురు కలిశారు. మొత్తం ఏడు కుటుంబాలు. ఆటిజం ఉన్న పిల్లలు ముగ్గురు, డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉన్నవాళ్లు ఇద్దరు, సెరిబ్రల్ పాల్సీ (కండరాల కదలిక అదుపులో ఉండకపోవడం) వల్ల వాకర్ పట్టుకుని నడిచే నాలుగో తరగతి పాప, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఉన్న ఒక బాబు.

ఆదివారం మా థెరపీ గదిలో కూర్చున్నారు. బంతులూ బ్లాకులూ పక్కకు నెట్టి, మ్యాట్ మీదే. మొదటి అరగంట ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఎవరి ఫైలు వాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఉత్తరాలు బయటికి తీసి నేల మీద పక్కపక్కనే పెట్టమన్నాను. ఇంగ్లిష్‌లో ఒక పేజీ, స్కూలు లెటర్‌హెడ్. పాప తల్లి వంగి చూస్తూ, "నాకు కూతురు కదా. ఇందులో 'హి' అని ఉందేంటి?" అన్నారు.

అందరూ ఒకేసారి ముందుకు వంగారు. ఏడు ఉత్తరాల్లోనూ అవే మూడు పేరాలు. 'హి నీడ్స్ వన్ టు వన్ సూపర్‌విజన్ త్రూఔట్ ద డే.' అంటే, అతన్ని రోజంతా ఒకరు పక్కనే ఉండి చూసుకోవాలని. పాప ఉత్తరంలోనూ అదే. డిస్లెక్సియా ఉన్న ఇద్దరికీ అదే. వాళ్లలో ఒక అమ్మాయి క్రితం ఏడాది క్లాస్ లీడర్. పేరు, తరగతి మాత్రమే మార్చారు. ఏడుగురు పిల్లల్నీ ఎవరూ విడిగా చూసి అంచనా వేయలేదని ఆ 'హి' చెప్పేసింది. తొమ్మిది రోజులు ఆలోచించిన తల్లి అప్పుడు మొదటిసారి నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

కేసు నిజంగా మొదలైంది అక్కడే. చట్టం తర్వాత వచ్చింది.

చట్టం విషయంలో జాగ్రత్తగా ఉండాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 మన దగ్గర 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు ఆ జాబితాలో ఉన్నాయి. 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులతో నడిచే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థల గురించి మాట్లాడుతుంది: వివక్ష లేకుండా చేర్చుకోవాలి, భవనాలు అందుబాటులో ఉండాలి, ఆ బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలి. అయితే ఆ సెక్షన్ మొదటి వాక్యంలో ఒక మెలిక ఉంది. ఇవన్నీ జరిగేలా ప్రభుత్వమూ స్థానిక సంస్థలూ 'కృషి చేయాలి' అని ఉంది. స్కూలు లాయరు పట్టుకునేది సరిగ్గా ఆ మాటనే. ఆ బాధ్యత ప్రభుత్వానిది, మాది కాదు అంటాడు. అందుకే మేం రాసిన ప్రతి ఉత్తరం కాపీ జిల్లా విద్యాశాఖకూ పంపాలని ముందే అనుకున్నాం. అలా రాస్తే గుర్తింపు ఇచ్చిన శాఖ కూడా జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఏడీహెచ్‌డీ బాబు తండ్రి అడిగిన ప్రశ్నకు నా దగ్గర సూటి జవాబు లేదు. "మేడం, ఆ 21లో మా వాడిది ఉందా?" లేదు. ఏడీహెచ్‌డీ విడిగా ఆ జాబితాలో లేదు. కానీ వైకల్యం ఉన్న వ్యక్తి ఎవరన్నదానికి చట్టం ఇచ్చిన నిర్వచనం జాబితా కన్నా విశాలమైనది: దీర్ఘకాలం ఉండే శారీరక, మానసిక, మేధో లేదా ఇంద్రియ లోపం, చుట్టూ ఉన్న అడ్డంకులతో కలిసి ఆ మనిషిని నలుగురితో సమానంగా పాల్గొననివ్వకపోతే చాలు. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారిలోనే వెళ్లింది. రాసేటప్పుడు చేతి కండరాలు పట్టేసే రైటర్స్ క్రాంప్ ఉన్న ఒక అభ్యర్థి, యూపీఎస్సీ పరీక్షకు తన బదులు రాసిపెట్టే స్క్రైబ్‌ను అడిగిన కేసు అది. తగిన సర్దుబాటు పొందడానికి 40 శాతం వైకల్యం ఉండి తీరాలనడం సరికాదని కోర్టు తేల్చింది. ఆ తీర్పు మాకు రెండు చోట్ల ఉపయోగపడింది: ఈ తండ్రికి, డిస్లెక్సియా కుటుంబాలకు. '40 శాతం సర్టిఫికెట్ తెస్తే అప్పుడు చూద్దాం' అని స్కూళ్లు అలవాటుగా అనే మాట సగమే నిజం. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య లాంటి కొన్ని హక్కులకు ఆ గీత ఉంది. క్లాసులో ముందు బెంచీ మీద కూర్చోబెట్టడానికి, పరీక్షలో కాస్త అదనపు టైం ఇవ్వడానికి ఆ గీత అక్కర్లేదు.

ఒక తండ్రి ఆవేశంగా, "92వ సెక్షన్ కింద పోలీస్ కేసు పెడదాం" అన్నారు. నలుగురిలో కావాలని అవమానించడం లాంటి నేరాలకు ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు ఉన్న సెక్షన్ అది. అక్కడ జరిగింది అది కాదు. జరగని నేరాన్ని మోపితే మన మాట మీద ఎవరికీ నమ్మకం ఉండదని పాప తల్లి అన్నారు. ఆ మాట నేను అనాల్సింది. ఆమే ముందు అన్నారు.

ఇక నా తప్పు. అందరూ కలిసి ఉంటేనే బలం అన్న ఊపులో ఒకే ఉత్తరం, ఒకే డిమాండ్ల జాబితా రాయించాను. ర్యాంపు, పరీక్షలో అదనపు టైం, సెన్సరీ బ్రేక్ (గోల, వెలుతురు ఎక్కువైనప్పుడు కాసేపు విరామం), స్పెషల్ ఎడ్యుకేటర్, అన్నీ కలిపి పదకొండు అంశాలు. ఏడుగురు పిల్లల పేర్లూ ఒకే కాగితం మీద. రెండో మీటింగులో అది చదవగానే డిస్లెక్సియా కుటుంబాలు రెండూ వెనక్కి తగ్గాయి. "మా అమ్మాయికి చదవడంలో మాత్రమే ఇబ్బంది మేడం. ఈ లిస్టులో పేరుంటే క్లాసులో అందరూ వేరేగా చూస్తారు" అని ఒకావిడ మొహమాటపడుతూ చెప్పారు. ఆటిజం ఉన్న బాబు తల్లికి అది గుచ్చుకుంది. "అంటే మా వాళ్లని వేరేగా చూస్తే పర్లేదా అండీ?" ఆ సాయంత్రం గది వాతావరణం నాకింకా గుర్తుంది. టీ చల్లారిపోయింది, ఎవరూ ముట్టుకోలేదు.

వైకల్యాల మధ్య ఈ పై మెట్టు, కింద మెట్టు గొడవ గురించి మా వృత్తిలో ఎవరూ బయటికి మాట్లాడరు. తల్లిదండ్రుల గుంపు చీలేది మాత్రం ఎక్కువగా ఇక్కడే. డబ్బు దగ్గర కాదు, భయం దగ్గర కాదు, 'మా బిడ్డకు అంత లేదు' అన్న చోట. దాన్ని ఉపన్యాసంతో సరిచేయలేం. ఉత్తరం రాసే పద్ధతి మార్చాం. అందరికీ ఉమ్మడిగా ఉన్న మూడే మూడు అంశాలు పై ఉత్తరంలో: ఫిబ్రవరి ఉత్తరాన్ని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి, తల్లిదండ్రుల ఖర్చుతో షాడో టీచర్ పెట్టాలన్న షరతు ఉండకూడదు, ఏ బిడ్డకైనా టీసీ ఇవ్వాలనుకుంటే కారణాలు కాగితం మీద చెప్పాలి. ఇందులో పిల్లల పేర్లు లేవు, తల్లిదండ్రుల సంతకాలు మాత్రమే. ఒక్కో బిడ్డకు ఏం కావాలో వేరే కవర్లో, ఆ క్లాస్ టీచర్‌కూ ప్రిన్సిపాల్‌కూ మాత్రమే. ఈ మార్పుతో డిస్లెక్సియా కుటుంబం ఒకటి తిరిగి వచ్చింది. రెండోది రాలేదు. వాళ్లను తప్పుపట్టలేను, ఎందుకంటే వాళ్లు భయపడిన జాబితా రాయించింది నేనే.

సర్టిఫికెట్ల మీద ఇంకో రెండు వారాలు పోయాయి. ముగ్గురికి వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు ఉన్నాయి. మిగతావాళ్లు 'ముద్ర పడిపోతుంది' అని తీసుకోలేదు. దీనిపై నా అభిప్రాయం కుటుంబాలకు నచ్చదు కానీ చెబుతాను: తీసుకోండి, ఎక్కడ చూపించాలో మీరే నిర్ణయించుకోండి.

ఉమ్మడి ఉత్తరాన్ని ఇద్దరు తల్లులు ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద అందినట్టు ఇన్‌వార్డ్ స్టాంపు వేయమంటే క్లర్క్ నీళ్లు నమిలాడు. "పెద్దమేడం లేరండీ, రేపు రండి." మర్నాడూ అదే జవాబు. మూడో రోజు రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో పంపారు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, తర్వాత విచారణలో 'మాకు ఎలాంటి ఫిర్యాదూ అందలేదు' అని స్కూలు రాసిన జవాబుకు ఆ గులాబీ రంగు కార్డు ఒక్కటే ఎదురు నిలిచింది.

పదిహేను రోజులు గడిచాయి. జవాబు లేదు. విద్యాశాఖ నుంచీ లేదు. ఏప్రిల్ మొదట్లో రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పెట్టారు. ఇక్కడికి లాయర్ లేకుండానే వెళ్లవచ్చు. కమిషనర్‌కు సాక్షులను పిలిపించడం, కాగితాలు తెప్పించడం లాంటి విషయాల్లో సివిల్ కోర్టుకుండే అధికారాలున్నాయి. ఇచ్చేది మాత్రం సిఫార్సే. అందుకున్న అధికారులు ఏం చేశారో మూడు నెలల్లో చెప్పాలి, ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాలి. 'సిఫార్సేనా' అని ఒక తండ్రి నిట్టూర్చారు. నిజమే, అది కోర్టు డిక్రీ కాదు. కానీ నోటీసు వెళ్లిన వారంలోనే స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. "ఒకసారి కూర్చుని మాట్లాడుకుందాం."

ఆ మీటింగులో మొదటి పది నిమిషాలు నేనే మాట్లాడాను. సెక్షన్లు చెప్పాను, తీర్పులు చెప్పాను. ప్రిన్సిపాల్ గారు నాకే జవాబిస్తూ నావైపే చూస్తున్నారు. గదిలో ఉన్న తొమ్మిదిమంది తల్లిదండ్రులు గోడకు వేలాడే ఫొటోల్లా అయిపోయారు. పక్కనున్న పాప తల్లి నా మోచేయి మెల్లగా తాకి, "మేడం, ఇక మేం చెప్తాం" అన్నారు. సిగ్గుపడ్డాను. ఆ తర్వాత ఏ మీటింగులోనూ నేను ముందు వరుసలో కూర్చోలేదు.

అప్పుడు మొదట ఫోన్ చేసిన తల్లి సంచిలోంచి ఒక క్యాలెండర్ తీశారు. గోడకు తగిలించుకునే మామూలు క్యాలెండర్. బాబు మాటలు తక్కువ, బొమ్మలు బాగా వేస్తాడు. క్లాసులో గోల చేస్తే అతన్ని స్పోర్ట్స్ రూంలో కూర్చోబెడుతున్నారని ఆమెకు అనుమానం. ఫిబ్రవరి ఉత్తరం వచ్చినప్పటి నుంచి రోజూ సాయంత్రం క్యాలెండర్ ముందు నిలబెట్టి "ఇవాళ ఎక్కడ కూర్చున్నావు?" అని అడిగేవారు. క్లాసులో ఉన్న రోజు గళ్లో కిటికీ బొమ్మ వేశాడు. అతని సీటు కిటికీ పక్కన. స్పోర్ట్స్ రూంలో ఉన్న రోజు బంతి. పరీక్షలు మొదలయ్యే వరకు 23 పనిదినాలు. 11 బంతులు.

ప్రిన్సిపాల్ గారు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "పిల్లవాడి బొమ్మలు సాక్ష్యమెలా అవుతాయండీ?" అన్నారు, కానీ గట్టిగా అనలేదు. చివర్లో నిలబడి ఉన్న క్లాస్ టీచర్ వైపు చూశారు. ఆ టీచర్ చిన్న వయసు అమ్మాయి. చేతులు నలుపుకుంటూ, "అవును మేడం. ఆ రోజుల్లో నేను పంపాను. 38 మంది పిల్లలు, నేనొక్కదాన్నే. ఇంకేం చేయాలో తెలియలేదు" అంది.

ఆ మాట కేసును మలుపు తిప్పింది. అప్పటిదాకా టీచర్ అవతలి పక్షం. అది విన్నాక ఒక తండ్రి అడిగారు: "మరి స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారు కదా, ఆవిడ ఎక్కడ?" ఉన్నారు. కాగితం మీద. రోజులో సగానికి పైగా ఆవిడ్ని సెలవు పెట్టిన టీచర్ల బదులు సబ్‌స్టిట్యూషన్‌కు పంపుతున్నారు. 2021 అక్టోబర్ 28న రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచర్, ఆపై స్థాయిలో పదిహేను మందికి ఒకరు ఉండాలని నిష్పత్తి చెప్పింది. ఆ లెక్క ఆ తండ్రికి కంఠతా వచ్చు. అడగాల్సింది పిల్లల్ని పంపేయడం గురించి కాదు, ఆ ఒక్కావిడ టైంటేబుల్ గురించి అని గదిలో అందరికీ అర్థమైంది.

ఇందులో వింతేమీ లేదు. అమెరికాలో 1971లో పెన్సిల్వేనియా రాష్ట్రం మీద కేసు వేసింది కూడా తల్లిదండ్రుల సంఘమే, 13 మంది పిల్లల తరఫున. కొందరు పిల్లలు 'చదువు రానివాళ్లు' కాబట్టి స్కూలు వాళ్లను వద్దనవచ్చు అని అక్కడి చట్టంలో ఉండేది. నిపుణుల సాక్ష్యం మొదలవగానే రాష్ట్రం రాజీకి వచ్చింది. 1975లో దేశమంతటికీ వర్తించే విద్యా చట్టం రావడం వెనక ఆ కేసు ఉంది. మన దగ్గర కూడా, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటి వైకల్యాలున్నవారి కోసం వచ్చిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో తల్లిదండ్రుల సంఘాల ప్రతినిధులకు బోర్డులో చోటిచ్చారు. ఒక్క తల్లి వెళ్తే 'మీ వాడు' అంటారు. సంఘం వెళ్తే స్కూలు తన పాలసీ గురించి మాట్లాడాల్సి వస్తుంది.

జూన్‌లో స్కూలు తెరిచే ముందు ఫిబ్రవరి ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ఒక పేరా ఉత్తరం వచ్చింది. క్షమాపణ లేదు, అడగనూ లేదు. షాడో టీచర్ షరతు పోయింది. తల్లిదండ్రులు కావాలనుకుంటే సహాయకురాలిని అనుమతిస్తారు. స్పెషల్ ఎడ్యుకేటర్‌కు సబ్‌స్టిట్యూషన్ డ్యూటీలు ఆపేశారు. స్కూలు పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తామన్నారు. కేంద్రం 2018 మార్గదర్శకాల్లో పెట్టిన కనీసం అదే. ఇది గుంపులోకి తిరిగి రాని డిస్లెక్సియా అబ్బాయికీ దక్కింది. జరిమానా కోరలేదు. 89వ సెక్షన్ కింద మొదటి ఉల్లంఘనకు పదివేల వరకు ఉంటుంది. ఆ డబ్బు కన్నా పిల్లలు రోజూ మొహం చూడాల్సిన మనుషులు ముఖ్యమని కుటుంబాలే నిర్ణయించుకున్నాయి. నేనైతే ఫిర్యాదులో ఆ కోరిక ఉంచేదాన్నేమో.

ఓడిన చోటూ ఉంది. ముగ్గురు ఆటిజం పిల్లల్లో ఒకరి కుటుంబం ఏప్రిల్లోనే టీసీ తీసుకుంది. ఆ బాబు ఒకసారి తోటి పిల్లవాణ్ణి తోశాడు, ఆ పిల్లవాడి పెదవి చిట్లింది. ఆ క్లాసులోని మిగతా పిల్లల తల్లిదండ్రులు స్కూలుకు రాసిన ఫిర్యాదు ఈ కుటుంబం చేతికీ వచ్చింది. ఆ ఫిర్యాదు రాసినవాళ్లతో మేం మాట్లాడి ఉండాల్సింది. మాట్లాడలేదు. స్కూలుతో పోరాడుతూ, పక్క బెంచీ పిల్లల అమ్మానాన్నలను లెక్కలోకే తీసుకోలేదు. బాబు జులై దాకా ఇంట్లోనే ఉండి, తర్వాత దూరంగా ఉన్న మరో స్కూల్లో చేరాడు. ఆ తల్లి మాత్రం ఆదివారం మీటింగులకు ఇప్పటికీ వస్తారు. కొత్తగా వచ్చేవాళ్లకు ఫైలు ఎలా సర్దుకోవాలో చూపించేది ఆవిడే.

ఇప్పుడు పద్నాలుగు కుటుంబాలున్నాయి. నలుగురు అవతలి స్కూళ్లవాళ్లు. వాట్సాప్ గ్రూపులో ఒకే కట్టుబాటు: పిల్లల రిపోర్టుల ఫొటోలు పెట్టకూడదు. రెండుసార్లు తప్పారు, రెండుసార్లూ నిమిషాల్లో తీయించారు.

వాకర్ పాప ఈ ఏడాది ఐదో తరగతి. వచ్చే జూన్‌కు ఆరులోకి వెళ్తుంది. ఆరో తరగతి గదులన్నీ మొదటి అంతస్తులో ఉన్నాయి, లిఫ్టు లేదు. లిఫ్టు కట్టించమని కాదు, పాప చదవబోయే ఆ ఒక్క క్లాసు సెక్షన్‌ను కిందికి మార్చమని తల్లి జనవరిలోనే ఉత్తరం రాశారు. గ్రూపులో పన్నెండుమంది సంతకం చేశారు, అవతలి స్కూళ్లవాళ్లు కూడా. ఆఫీసులో అదే క్లర్క్. ఇన్‌వార్డ్ స్టాంపు ఈసారి అడగకుండానే వేశాడు. జవాబు ఇంకా రాలేదు.